వుడ్‌వర్డ్ ఎవెన్యూ, పక్కకి జరిగిన ఇరుసు

ఆగస్టులో డెట్రాయిట్ వైపు వచ్చే పని ఉంటే మూడో శనివారం కలిసొచ్చేలా టికెట్లు తీసుకోండి. నది ఒడ్డున మొదలై వాయవ్యంగా పోంటియాక్ దాకా పోయే వుడ్‌వర్డ్ ఎవెన్యూ ఆ రోజు రోడ్డులా ఉండదు, తిరనాళ్ళలా ఉంటుంది. 1995లో ఫెర్న్‌డేల్ వాళ్ళు పిల్లల సాకర్ మైదానం కోసం డబ్బు పోగుచెయ్యడానికి మొదలుపెట్టిన డ్రీమ్ క్రూజ్ ఇది. పొద్దున్నే మడత కుర్చీలు వేసుకుని జనం ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. నోవై, ట్రాయ్‌ల నుంచి మనవాళ్ళూ పులిహోర డబ్బాలతో చేరతారు. కాంక్రీటుతో పోసిన మొదటి మైలు రహదారి 1909లో ఈ రోడ్డు మీదే, సిక్స్ మైల్‌కీ సెవెన్ మైల్‌కీ మధ్య వేశారని ఈ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

అందరూ కార్ల ముందుభాగం ఫొటోలు తీస్తారు. నేను మాత్రం వెనక నిలబడి చూస్తాను. కిందకి దించిన పాత కార్లలో కొన్నిటికి ఒక పక్క చక్రం ఫెండర్ అంచు దాకా వచ్చేసి ఉంటుంది, రెండో పక్క లోపలికి నక్కి ఉంటుంది. కారు వంకర కాదు. చక్రాలు రెండూ బాగానే ఉన్నాయి. వాటిని మోసే ఇరుసు మొత్తం ఒక పక్కకి జరిగింది.

ఈ అలవాటు నాకు మా మేనల్లుడి వల్ల వచ్చింది. వాడు ఎమ్మెస్ అయి ఉద్యోగంలో చేరగానే 2012 మస్టాంగ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మాకు దక్షిణాన ఉన్న ఫ్లాట్ రాక్‌లో తయారైన బండే. కొన్న రెండో నెలలో పొట్టి స్ప్రింగులు వేయించి అంగుళంన్నర దించాడు. చూడ్డానికి బాగుంది, కాదనను. వెనక సీట్లో ఇద్దరు కూర్చుని ఏదైనా గుంతలో పడితే మాత్రం ఎడమ చక్రం దగ్గర బర్రుమని చప్పుడు. మిషిగన్‌లో మంచు కరిగాక రోడ్ల మీద గుంతలకి కొదవేముంది! టైరు బయటి గోడ మీద వేలితో తడిమితే చుట్టూ సన్నటి గీత తగిలింది. అక్టోబర్‌లో మా అక్కాబావా వస్తున్నారు. వాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని 696 మీద 70 మైళ్ళ వేగంతో వెళ్ళాల్సిన టైరు అది.

అలైన్‌మెంట్ చేయించాడు. కాగితం మీద అన్ని అంకెలూ ఆకుపచ్చే. అందులో అబద్ధం లేదు. ఆ యంత్రం చూసేది చక్రాలు ఏ కోణంలో ఉన్నాయని. ఇరుసు తిన్నగానే ఉండి, ఉన్నపళంగా పక్కకి జరిగితే కోణం మారదు కదా. స్నేహితులు రెండు సలహాలిచ్చారు: ఫెండర్ అంచు మడిచెయ్యమని ఒకరు, లోపలికి పోయిన వైపు మాత్రం స్పేసర్ వేస్తే రెండు పక్కలా సమానంగా కనబడుతుందని ఇంకొకరు. రెండోది నాకు అస్సలు నచ్చలేదు. కుంటికాలికి ఎత్తుమడమ చెప్పు వేసినట్టు. రాపిడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

2005 నుంచి 2014 దాకా వచ్చిన మస్టాంగ్‌లకి వెనక చక్రాలు రెండిటినీ కలిపే ఒకే ఇరుసు, మన ఎడ్లబండికి ఉన్నట్టే. 2015 మోడల్‌తో ఏ చక్రానికాచక్రం విడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. ఒకే ఇరుసున్న బండిలో అది అటూ ఇటూ జారకుండా అడ్డంగా ఒక కడ్డీ పట్టి ఉంచుతుంది. ఒక కొస బాడీకి, ఇంకో కొస ఇరుసుకి. పానార్డ్ అనే పాత ఫ్రెంచి కార్ల కంపెనీ పేరు మీద దాన్ని పాన్‌హార్డ్ బార్ అంటారు.

మావాడి బండిలో బాడీ వైపు కొస ఎత్తులో ఉంది, ఇరుసు వైపు కొస కింద. అంటే కడ్డీ ఏటవాలుగా ఉంటుంది. బండిని దించితే ఆ వాలు తగ్గుతుంది. పొడవు మారని కడ్డీ వాలు తగ్గితే అడ్డంగా ఎక్కువ దూరం ఆక్రమిస్తుంది. ఆ ఎక్కువైనంతా ఇరుసుని పక్కకి నెడుతుంది. గోడకి చేరేసిన నిచ్చెన అడుగు జారినట్టు. లెక్క కావాలంటే పైథాగరస్ చాలు: 40 అంగుళాల కడ్డీ, కొసల మధ్య ఎత్తు తేడా 6 అంగుళాలు అనుకోండి. అంగుళంన్నర దించితే తేడా 4.5 అవుతుంది, ఇరుసు దాదాపు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఎమ్‌సెట్ కోసం బట్టీపట్టింది గరాజ్‌లో పనికొచ్చిందని మావాడు మురిసిపోయాడు.

ముందు కొలిచాం. చదునైన నేల మీద బండిని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి, స్ప్రింగులు సర్దుకున్నాక, తాపీమేస్త్రి గోడకి పట్టే గుండులాగా దారానికి బరువు కట్టి ఫెండర్ అంచు నుంచి వేలాడదీశాం. దారానికీ రిమ్ముకీ మధ్య ఎడమవైపు 14 మిల్లీమీటర్లు, కుడివైపు 25. తేడా 11. చాలామంది ఇక్కడే తడబడతారు. ఇరుసు జరగాల్సింది 11 కాదు, అందులో సగం. ఒక పక్క తగ్గినంతా రెండో పక్క పెరుగుతుంది మరి.

పొడవు మార్చుకోగలిగే కడ్డీ తెప్పించాం. ఒక కొసకి కుడిచేతి మర, రెండో కొసకి ఎడమచేతి మర ఉంటుంది. మధ్యలో పట్టుకుని తిప్పితే మొత్తం పొడుగవుతుంది, లేదా పొట్టి అవుతుంది. బండిని ర్యాంపుల మీదకెక్కించి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి పని మొదలెట్టాం. చక్రాల మీద బరువు ఉండగా చెయ్యడమే ఇందులో కీలకం. జాక్ మీద లేపితే ఇరుసు కిందకి వేలాడుతుంది, అప్పుడు కొలిచిందంతా వృథా. పాత కడ్డీ బోల్టు లాగేసరికి ఇరుసు కొంచెం కదిలింది. సామాన్లు కట్టే పట్టా ఒకటి బిగించి లాగితే రంధ్రాలు కలిశాయి.

కొత్తదాన్ని తిప్పుతూ పొట్టి చేశాం. దించాం, దొర్లించాం, కొలిచాం. ఎడమ 17, కుడి 22. మళ్ళీ ఎక్కించాం.

"మామయ్యా, ఇంత చాల్లే," అన్నాడు.

"మీ అమ్మ కూర్చునేది ఎటువైపురా?" అన్నాను.

మూడోసారికి ఎడమ 19, కుడి 20. కొత్తగా వచ్చిన బండ్లలోనే ఆమాత్రం తేడా ఉంటుంది, అక్కడితో ఆపేశాం. లాక్‌నట్లు, బోల్టులు మాన్యువల్ చెప్పినంత బలంతో బిగించాం.

ఇదీ శాశ్వతం కాదని వాడికి చెప్పాను. మళ్ళీ ఎత్తు మారిస్తే మళ్ళీ కొలవాలి. గుంతలో పడ్డప్పుడు ఇరుసు ఎలాగూ వంపుగానే కదులుతుంది. అదీ లేకుండా నిటారుగా కదలాలంటే జేమ్స్ వాట్ 1784లో ఆవిరియంత్రం కోసం కనిపెట్టిన లంకె ఉంది. 1998 నుంచి క్రౌన్ విక్టోరియాలకి, అంటే మనం చూసిన ఆ పోలీసు కార్లకీ టాక్సీలకీ, వెనక అదే ఉండేది. మావాడు దాని ధర చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నన్నూ మా ఆవిడనీ వెనక కూర్చోబెట్టి నోవై అంతా తిప్పాడు. గుంతలు వెతుక్కుంటూ మరీ వెళ్ళాడు. నడుం పట్టింది గానీ చప్పుడు రాలేదు. గీత పడ్డ టైరు తీయించి కొత్తది వేయించాడు. వంద మైళ్ళ తర్వాత మళ్ళీ రెంచీ పెట్టి చూశాం. నట్టు కదల్లేదు.