అమానతు పెట్టె

బందర్ అనేది ఫారసీ పదం. దానికి రేవు అని అర్థం. ఈ పేరు మచిలీపట్నానికి ఎంతగా స్థిరపడిందంటే, కృష్ణా జిల్లాలో ఎవరైనా ‘బందరు వెళ్తున్నాము’ అంటే ఏ రేవుకని అడిగేవారుండరు. గత సంవత్సరం వర్షాకాలం చివరలో మేమూ బందరు వెళ్లాము. మదర్సాలో పై తరగతులు చదువుతున్న ఇద్దరు విద్యార్థులు మాతో వచ్చారు. ఒకరి భుజాన బట్టల సంచి ఉంది. రెండవవారి చేతిలో నల్లని గట్టి పెట్టె ఉంది. ఆ పెట్టెలో మదర్సా కెమెరా ఉంది.

ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా దాగి ఉన్న చేతివ్రాత ప్రతులను, పాత దస్తావేజులను, సమాధి ఫలకాల మీది శాసనాలను చిత్రాలుగా తీసి భద్రపరచటం కొన్నేళ్లుగా మేము సెలవు దినాలలో చేస్తున్న పని. జీవుల చిత్రాల విషయమై ఉలమాల మధ్య గల చర్చ పాఠకులకు తెలిసినదే. మా కెమెరా చూసేది కాగితాన్ని, రాతిని మాత్రమే.

పెట్టె సంగతి చెప్పే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

నాలుగేళ్ల క్రితం గోదావరి లంకలలోని ఒక గ్రామంలో ఒక వృద్ధ ఇమాము గారి ఇంటికి వెళ్లాము. వారి తాతగారు స్వహస్తాలతో వ్రాసుకున్న ఉర్దూ పుస్తకం ఒకటి వారి వద్ద ఉండేది. అందులో యూనానీ మందుల యోగాలున్నాయి, ధర్మ సందేహాలకు సమాధానాలున్నాయి, ఆ ఊరిలో జరిగిన నికాహ్‌ల వివరాలున్నాయి. రెండు రోజులు కూర్చొని ప్రతి పుటకూ చిత్రం తీశాము. “ఒక నకలు నాకూ పంపండి మౌల్వీసాబ్, నా మనవలు చదువుకుంటారు” అని ఆయన కోరారు. మేము మాట ఇచ్చాము. తిరుగు ప్రయాణంలో కెమెరాను గుడ్డ సంచిలో పెట్టి పడవ అంచున ఉంచాము. నడి ఏటిలో గాలి తిరిగింది, పడవ ఒక ప్రక్కకు ఒరిగింది, సంచి నీటిలో పడింది. పడవ నడిపే అబ్బాయి వెంటనే దూకి వెదికాడు. ఫలితం లేకపోయింది.

మరుసటి సంవత్సరం వేరొక కెమెరాతో అదే గడప తొక్కాము. ఇమాము గారు అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయారు. పుస్తకమేదని అడిగితే వారి కుమారుడు ఎంతో వినయంగా జవాబు చెప్పాడు. అరబీ అక్షరాలున్న చిరుగు కాగితాలు కాళ్ల క్రింద పడితే పాపమని భయపడి, వాటిని శ్రద్ధగా మూటగట్టి గోదావరిలో కలిపారట. అతడు చేసినది అదబు. తప్పు మాది. మూల ప్రతీ, దాని ప్రతిబింబమూ ఒకే నదిలో కలిసిపోయాయి. ఆ వృద్ధునికి ఇచ్చిన మాట మాత్రం మా మెడ మీద మిగిలింది.

ఆ తరువాతనే ఈ పెట్టె కొన్నాము. మదర్సా కమిటీలో ఒక పెద్దమనిషి, “కెమెరాకు ఖర్చు పెట్టాము, బాగుంది. డబ్బాకు కూడా ఇంత ఖర్చా? తవక్కుల్ అనేది ఒకటి ఉంది కదా!” అన్నారు. ఒంటెను కట్టివేసి తరువాత అల్లాహ్‌పై భారం వేయమని ఒక పల్లెవాసికి దైవప్రవక్త (స) బోధించిన సంగతిని మరొకరు గుర్తుచేశారు. చర్చ అక్కడితో ముగిసింది.

ఇటువంటి పెట్టెలలో పేరు పడినవి పెలికన్ వారివి. ఆ సంస్థ 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. నేడు అనేక సంస్థలు ఇదే పద్ధతిలో పెట్టెలు తయారు చేస్తున్నాయి. మాది అంత పేరున్నది కాదు, కాని పని ఒక్కటే. గోడలు దళసరి ప్లాస్టిక్‌వి. మూత అంచు చుట్టూ గాడి ఉంటుంది, అందులో రబ్బరు వలయం ఒకటి కూర్చుంటుంది. కొక్కేలు బిగించినపుడు ఆ రబ్బరు నలిగి నీటికి దారి మూసివేస్తుంది. ముందు భాగంలో చిన్న కవాటం ఉంటుంది. అది గాలిని పోనిస్తుంది, నీటిని రానివ్వదు. అది లేనట్లయితే ఎత్తైన ప్రదేశం నుంచి క్రిందికి దిగినపుడు బయటి గాలి ఒత్తిడికి మూత తెరుచుకోదు. లోపలి స్పాంజి చిన్న చిన్న ఘనాలుగా కోసి ఉంటుంది. కెమెరా ఆకారానికి తగినట్లు వాటిని పీకివేస్తే దానికి సరిపడే గూడు ఏర్పడుతుంది. పెట్టె మీద ఐపీ 67 అని ఉంటే, అందులోని 6 ధూళి లోపలికి చొరబడదని, 7 ఒక మీటరు లోతు నీటిలో అరగంట వరకు తట్టుకుంటుందని తెలుపుతాయి. మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. లోపల గాలి నిలిచి ఉండటం వలన కెమెరాతో సహా ఈ పెట్టె నీటిపై తేలుతుంది.

అయితే దీనికీ బలహీనతలు ఉన్నాయి. రబ్బరు వలయం మీద ఒక ఇసుక రేణువు, ఒక తల వెంట్రుక ఉన్నా చాలు, నీరు దారి చేసుకుంటుంది. అందుకని బయలుదేరే ముందు తడిగుడ్డతో గాడిని తుడుస్తాము. ఏటా ఒకసారి ఖాళీ పెట్టెలో పొడి కాగితం ఉంచి, మూత బిగించి, నీళ్ల తొట్టిలో అదిమిపట్టి పరీక్షిస్తాము. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. బయటి నీటిని ఆపే పెట్టె లోపలి తేమను కూడా బయటికి పోనివ్వదు. తడిసిన కెమెరాను అందులో మూసి పెడితే కటకం మీద బూజు తీగలు అల్లుకుంటాయి. కనుక సిలికా జెల్ గుళికల సంచి ఒకటి వేస్తాము. నీలం గుళికలు తేమ పీల్చి గులాబీ రంగుకు మారుతాయి. సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఇల్లు చేరిన పిమ్మట కెమెరాను పెట్టెలోనే ఉంచక, బయటికి తీసి గాలి తగిలే చోట ఉంచుతాము. పెట్టె ప్రయాణానికే గాని కాపురానికి కాదు.

ఇక బందరు విషయానికి వద్దాము. గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యానికి ప్రధాన రేవు ఇదే. 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి కలంకారీ వస్త్రాలతో నౌకలు ఎర్ర సముద్రపు తీరాన ఉన్న మోఖా వరకు వెళ్లేవి. హజ్ యాత్రికులు కూడా ఆ నౌకలలో ప్రయాణించేవారు. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఆ వైభవాన్ని కాలమూ, కడలీ పంచుకున్నాయి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించారని చరిత్ర. మంగినపూడి తీరాన నిలబడి ప్రశాంతంగా ఉన్న ఆ నీటిని చూసినపుడు, ఇంత గొప్ప రేవులో పాత కాగితాలు ఎందుకింత అరుదో మాకు బోధపడింది. ఇక్కడ రెండు రోజులు తిరిగితే మాకు లభించినవి మూడు దస్తావేజులు మాత్రమే. మూడింటి మీదా నీటి చారలున్నాయి.

రెండవ రోజు సాయంత్రం ఒక మసీదులో నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్ములను పిలిచి, దివిసీమ లంకలో తమ బంధువుల ఇంట చూడదగిన ముస్‌హఫ్ ఒకటి ఉన్నదని చెప్పారు. మరునాడు చల్లపల్లి మీదుగా పులిగడ్డ వద్ద కృష్ణ పాయను దాటి, అవనిగడ్డ, నాగాయలంక చేరాము. అక్కడి నుంచి మరపడవ ఎక్కాలి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. పాయ మధ్యలో వాన అందుకుంది. గాలికి నీళ్లు పడవలోకి ఎగిరిపడుతున్నాయి. పెట్టెను ఒళ్లో పెట్టుకున్న విద్యార్థి ముఖం పాలిపోయింది. “ఉస్తాద్, ఇది పడిపోతే?” అన్నాడు. “తేలుతుంది బాబూ. ముందు నీవు గట్టిగా పట్టుకో” అన్నాము. అన్నామే గాని మా గుండె కూడా గోదావరి నాటి వేగంతోనే కొట్టుకుంది.

హజ్రత్ మూసా (అలై) తల్లి ఆ సమయంలో మాకు గుర్తుకు వచ్చారు. పసిబిడ్డను పెట్టెలో ఉంచి నదిలో వదలమని ఆమెకు అల్లాహ్ ప్రేరణ కలిగించిన విషయం సూరా తాహాలో ఉంది. ఆమె వదిలినది కన్నబిడ్డను, మేము మోస్తున్నది ఒక యంత్రాన్ని. పోలిక చెప్పటానికే సిగ్గు వేసింది. అయినా పెట్టె పని ఎక్కడ ముగుస్తుందో, అల్లాహ్ రక్షణ ఎక్కడ మొదలవుతుందో ఆ తల్లి కన్నా ఎరిగినవారెవరు? అసలు ఆ రెండింటికీ మధ్య గీత లేదు. పెట్టె కూడా ఆయన ఆజ్ఞలో భాగమే.

లంకలోని ఆ ఇంటి యజమానురాలు డెబ్బైకి దగ్గరపడిన స్త్రీ. సలాము చేసి, “ఆపా, మీ వద్ద పాత ఖుర్ఆన్ ఉన్నదని బందరులో చెప్పారు” అన్నాము. ఆమె లోపలికి వెళ్లి ఒక తగరపు డబ్బా తెచ్చారు. మూత చుట్టూ మైనపు గుడ్డ, దాని మీద నులక త్రాడు. ముడి విప్పటానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“ఉప్పెన నాడు మా అత్తమ్మ కట్టిన ముడి ఇలాగే ఉండేది. అప్పటి నుంచి నేనూ ఇలాగే కడుతున్నాను” అన్నారామె.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అధికారిక లెక్కలలోనే మృతులు పదివేలకు పైబడ్డారు. బక్రీద్ ఇంకా రెండు మూడు రోజులున్నదనగా వచ్చింది ఆ ఉప్పెన. నీరు గుమ్మం దాటినపుడు ఆమె అత్తగారు ముస్‌హఫ్‌ను డబ్బాలో పెట్టి, మైనపు గుడ్డ చుట్టి, వాసానికి కట్టారట. ఇల్లు కూలింది. డబ్బా మూడవ రోజున చెట్ల మధ్య దొరికింది. అత్తగారు దొరకలేదు.

విద్యార్థి మా నల్లని పెట్టెను ఆ తగరపు డబ్బా ప్రక్కన ఉంచి తెరిచాడు. రబ్బరు వలయమూ, కవాటమూ లేని ఆ డబ్బా సముద్రాన్ని తట్టుకుంది. ముస్‌హఫ్ చివరి ఖాళీ పుటల మీద ఆ ఇంటి పుట్టుకలు ఉర్దూలో వ్రాసి ఉన్నాయి. ఆ తరువాత వేరొక చేతివ్రాతతో ఏడు పేర్లు. ఏడింటికీ ఒకటే తేదీ. సిరా అక్కడక్కడ అలుక్కుపోయింది. అది ఉప్పు నీటి వలన కాదని మాకు అర్థమైంది.

యమామా యుద్ధం తరువాత సంకలనం చేసిన దివ్యఖుర్ఆన్ ప్రతి చివరకు ఉమ్ముల్ మూమినీన్ హజ్రత్ హఫ్సా (రజి) వద్ద భద్రంగా ఉన్నదని, హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో నకళ్లు వ్రాయించటానికి ఆ ప్రతినే తెప్పించారని మేము ఏటా పాఠంలో చెబుతాము. పని పూర్తి కాగానే దానిని తిరిగి ఆమెకే పంపించారని కూడా చెబుతాము. ఆ పాఠంలోని చివరి మాట బరువు ఆ ఇంటి అరుగు మీద మొదటిసారి తెలిసింది.

చిత్రాలు తీయటం ముగిశాక ఆమె మా పెట్టెను తడిమి, “మౌల్సాబ్, మావాళ్ల పేర్లు ఇందులో ఉన్నాయా?” అని అడిగారు. ఉన్నాయన్నాము. “అయితే నీళ్లలో పడనివ్వకండి” అన్నారు.

ఆ రాత్రి నాగాయలంకలోనే చిత్రాలకు రెండు నకళ్లు చేసి, ఇద్దరు విద్యార్థుల వద్ద వేర్వేరుగా ఉంచాము. ఎంత గట్టి పెట్టె అయినా ఒక్కటే పెట్టె కదా! నెల తిరగకముందే ఆ పుటలను మంచి కాగితం మీద ముద్రింపజేసి, అట్ట వేయించి, మళ్లీ పడవ ఎక్కి ఆమె చేతికి అందజేశాము. ఆమె వాటిని తగరపు డబ్బాలో ముస్‌హఫ్ ప్రక్కనే పెట్టి, మైనపు గుడ్డ చుట్టి, ముడి వేశారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆదేశం. అందులో భద్రపరచటం సగమే. అప్పగించటం మిగిలిన సగం.

పాఠకుల ఇళ్లలోనూ ఏదో ఒక అలమారాలో పెద్దల చేతివ్రాత ఉండి ఉంటుంది. అంత ఖరీదైన పెట్టె అందరికీ అవసరం లేదు. బిగువైన మూత గల పొడి డబ్బా, గుప్పెడు సిలికా గుళికలు, ఏడాదికి రెండుసార్లు తెరిచి గాలి తగలనిచ్చే ఒక మనిషి ఉంటే చాలు. చిరిగిన కాగితాలను నదికి అప్పగించే ముందు, వాటిని చదవగలవారికి ఒకసారి చూపించండి.

గోదావరి లంకలోని ఆ ఇమాము గారి మనవలకు మేము ఇవ్వగలిగినది ఇక ఏదీ లేదు. ఆ అప్పును అల్లాహ్ తన కరుణతో మన్నించుగాక! ఆమీన్.