పెట్టెలోనే తాళంచెవి

కౌతాళంలో ఉండే మా పెదనాన్నగారు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు. తమ జ్ఞాపకాలన్నీ లినక్సు యంత్రంలోనే వ్రాసుకుంటారు. డిస్కు మొత్తానికీ సంకేతపదపు కాపలా ఉన్నది. ఆన్ చేయగానే నల్లతెర ఆ పదం అడుగుతుంది, చెబితేనే తక్కినది మొదలవుతుంది. ఒకనాడు ఆయన తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరికలో ఉండగా పాత ఇంగ్లీషు పదం తీసివేసి తెలుగు పదం పెట్టారు. మరునాడు యంత్రం దానిని ఒప్పుకోలేదు. ఆరేళ్ళ వ్రాత లోపల, ఆయన బయట.

"నా పెట్టెకు నేను తెలుగులో తాళం వేసుకుంటే దీనికేం నొప్పిరా?" అని ఫోనులో అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరిక ఆ బంధించిన డిస్కులోనే ఉంటుంది. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లు! డిస్కు తెరుచుకొనేలోగా పనిచేసేది జ్ఞాపకశక్తిలోకి ఎక్కిన ఒక చిన్న వ్యవస్థ, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్. వేరే అమరికను దానిలో ముందుగా చేర్చకపోతే దానికి తెలిసినది అమెరికా కీబోర్డు ఒక్కటే. ఫ్రెంచివారు, జర్మనులు తమ అమరికను అందులో చేర్చి, ఆ వ్యవస్థను మళ్ళీ తయారుచేసుకుంటే సరిపోతుంది. మన సంగతి వేరు. ఆ నల్లతెర 512కు మించి అక్షరరూపాలను పట్టలేదు, వత్తులూ గుణింతాలూ కూర్చలేదు. లేఖిని వంటివి బ్రౌజరు తెరుచుకున్నాకనే కదా!

వ్రాతలు పోలేదు లెండి. పెన్‌డ్రైవు మీది లినక్సుతో యంత్రాన్ని లేపి, అక్కడ తెలుగు అమరిక పెట్టి, అదే పదం కొట్టించాను. డిస్కు తెరుచుకొన్నది.

నన్ను ఆశ్చర్యపరచినది ఆ తరువాతి సంగతి. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్టులో 'కౌతాళం' అని కొట్టాలంటే వేళ్ళు వెళ్ళేది వరుసగా కె, క్యు, ఎల్, ఇ, షిఫ్టుతో ఎన్, ఎక్స్ మీటల మీదికి. (అసలు సంకేతపదం ఇది కాదు, దొంగలు నిరాశపడగలరు.) తుంగభద్ర ఆవలి ఒడ్డున కన్నడంలో ఈ పేరు వ్రాసేవారూ ఇవే ఆరు మీటలు నొక్కుతారు. తెలుగు రాని నల్లతెరకు అది అర్థంలేని ఆరు ఇంగ్లీషు అక్షరాలుగా అందుతుంది, అంతే. వేళ్ళ నడక మాత్రం మారదు.

లక్స్ అనే ఈ తాళపు పద్ధతిలో ఒకే డిస్కుకు పలు సంకేతపదాలు ఉండవచ్చు. మొదటి రూపంలో 8, రెండవదానిలో 32 వరకు. తెలుగు పదాన్ని ఉండనిచ్చి, ఆ మీటల ఇంగ్లీషు వరుసను రెండవ పదంగా చేర్చాము.

ఇప్పుడు పెదనాన్నగారు రోజూ తెలుగులోనే తాళం తీస్తున్నానని వీధి అంతా చెబుతున్నారట. నేను కాదనలేదు.