జైలు ఇటుకలతో కట్టిన కోర్టు

డర్బన్ నుండి జొహానెస్‌బర్గ్‌కు కారులో సుమారు 570 కిలోమీటర్లు. మనవాళ్ళు పెళ్ళిళ్ళకు వెళతారు, చావులకు వెళతారు, షాపింగ్‌కు వెళతారు. ఊరి నడుమ, హిల్‌బ్రో పక్కనే ఉన్న కొండ ఎక్కి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పూట దానికోసం ఉంచుకోండి. ఆ కొండ మీద మన దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. రాజ్యాంగం అంటే దేశాన్ని నడిపే మూల చట్టం. ఈ మాట నాకు గుడి క్లాసులో ఎవరూ నేర్పలేదు, తరువాత నిఘంటువులో వెతుక్కున్నాను.

ఇప్పుడు ఆ చోటును కాన్‌స్టిట్యూషన్ హిల్ అంటారు. మన తాతల కాలంలో అది జైలు. 1890లలో కట్టారు. క్రూగర్ ప్రభుత్వం చుట్టూ మట్టి గట్లు పోసి దాన్ని కోటగా మార్చింది. తెల్లవాళ్ళను కోట లోపల, నల్లవాళ్ళను 'నంబర్ ఫోర్' అనే భాగంలో ఉంచేవారు. 1908 జనవరిలో గాంధీగారు మొట్టమొదట జైలుకు వెళ్ళింది ఇక్కడికే. మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడుగారు కూడా అప్పుడే ఇక్కడ ఖైదీ. వీళ్ళ పేర్లు మనకు తెలుసు. చేతిలో పాసు లేదని పట్టుకొచ్చిన వేలమంది పేర్లు ఎవరికి తెలుసు? 1983లో జైలు మూసేశారు.

కొత్త కోర్టు 1995లో పని మొదలుపెట్టినప్పుడు దానికి సొంత ఇల్లు లేదు. జడ్జీలు ఎంచుకున్నది ఈ పాడుబడ్డ కొండనే. భవనం ఎలా ఉండాలో పోటీ పెట్టారు. గెలిచిన జట్టులో మన డర్బన్ సంస్థ, ఓఎంఎం డిజైన్ వర్క్‌షాప్, ఉంది. జొహానెస్‌బర్గ్ సంస్థ అర్బన్ సొల్యూషన్స్ వాళ్ళతో కలిసింది. 2004 మార్చి 21న, అంటే షార్ప్‌విల్‌ను తలుచుకునే మానవ హక్కుల దినాన, తలుపులు తెరిచారు.

పాత కట్టడాన్ని ఏం చేయాలి? అంతా కూల్చేస్తే జరిగింది మరిచిపోతాం. అంతా అలాగే ఉంచితే కోర్టుకు చోటుండదు. వాళ్ళు మధ్యదారి పట్టారు. కోట, నంబర్ ఫోర్, ఆడవాళ్ళ జైలు నిలిపారు. విచారణ ఖైదీలను ఉంచిన భవనాన్ని మాత్రం విప్పేశారు. 1956లో రాజద్రోహం కేసులో పట్టుకొచ్చినవాళ్ళను ఉంచింది అందులోనే. అలాంటి గోడలను ముట్టుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఉన్నారు. నాకైతే ఆ పని సరిగానే తోస్తుంది. ఎందుకంటే ఇటుకలను పారేయలేదు. సుమారు లక్షా యాభై వేల ఇటుకలను తీసి, కొత్త కోర్టు గోడల్లోనూ, నంబర్ ఫోర్‌కూ కోర్టుకూ మధ్య ఉన్న పొడవాటి మెట్ల దారిలోనూ వాడారు. పాత భవనం మెట్ల గదులు నాలుగు మాత్రం గోపురాల్లా నిలబడి ఉన్నాయి. ఒకటి కోర్టు ముందు హాలులోకే వచ్చేసింది.

ఆ హాలులో స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి, చెట్ల మొదళ్ళలాగా. చెట్టు కింద కూర్చుని తగవు తీర్చడం ఈ నేల అలవాటు. రచ్చబండ కథలు విన్న మనకు వేరే వివరించనక్కర్లేదు.

కోర్టు గదిలో కాసేపు ఊరికే కూర్చోండి. గోడ పొడవునా సన్నని కిటికీ ఉంది. బయట నేల ఆ కిటికీ ఎత్తున ఉంది కాబట్టి, దారిన పోయేవాళ్ళ కాళ్ళు లోపలికి కనబడతాయి, జడ్జీల తలలకన్నా పైన! పదకొండు మంది జడ్జీల బల్లకు ముందు ఆవు చర్మాలు బిగించారు. ఒక్కోదాని మచ్చలు ఒక్కో తీరు. మనవాళ్ళు కొందరు అది చూసి మొహం చిట్లిస్తారు. జూలూ ఇళ్ళలో ఆవుకు ఉన్న గౌరవం తెలిస్తే అంత చిట్లించరేమో.

టీచరుగా నేను ఆ గదిలో తలుచుకున్నది ముక్కుపుడకను. డర్బన్‌లో ఒక స్కూలు పిల్ల ముక్కుపుడక పెట్టుకుంది. తమిళ కుటుంబం. నిబంధన ఒప్పుకోదు, తీసేయమంది స్కూలు. తల్లి ఊరుకోలేదు. కేసు మెల్లగా ఈ గది దాకా వచ్చింది. 2007లో ప్రధాన న్యాయమూర్తి లంగా తీర్పు రాశారు. శాస్త్రం తప్పనిసరి అన్న ఆచారానికే కాదు, మనిషి ఇష్టపడి పాటించే ఆచారానికి కూడా రక్షణ ఉందని అన్నారు. అప్పటికి ఆ పిల్ల స్కూలు దాటిపోయింది. అయినా ఆ తరువాత వచ్చిన ఆడపిల్లలకు ఆ తీర్పు ఉంది. యూనిఫారం రూలు చేతపట్టుకుని గేటు దగ్గర నిలబడే నాలాంటి టీచర్లకూ ఉంది.

బయట గోడ మీద కోర్టు పేరు పదకొండు భాషల్లో ఉంది. తెలుగు లేదు, వెతకకండి. మన భాష ఉన్నది రాజ్యాంగంలో, ఆరో సెక్షన్‌లో. అక్కడ తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగును కూడా ప్రోత్సహించాలని, గౌరవం దక్కేలా చూడాలని రాసి ఉంది. స్పెల్లింగ్ మాత్రం 'టెలెగు'! నా క్లాసులో అయితే ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. కానీ పేరంటూ ఉంది, ఆ పేరును కాపాడాల్సిన కోర్టు ఇదే. మా పిల్లలకు ఆ పేజీ చూపించాను. ఒకడు వెంటనే, "మరి మన స్కూల్లో తెలుగు ఎందుకు లేదు, మేడమ్?" అన్నాడు. జవాబు ఇంకా బాకీ ఉంది.

విచారణలు జరిగే రోజుల్లో ఎవరైనా లోపలికి వెళ్ళి వినవచ్చు. జూన్, జూలై నెలల్లో వెళితే స్వెటర్ తీసుకెళ్ళండి. డర్బన్ చలి కాదు అది.