కుందూ దారిలో మోటారు సైకిలు

నంద్యాల నుండి కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు పోవు దారి పాత కర్నూలు జిల్లాను కడప జిల్లాతో కలుపుచున్నది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయినది గాని నేల మారలేదు. ఇరుప్రక్కల నల్లరేగడి పొలములే. వానకు ఆ మన్ను చక్రములను పట్టుకొని వదలదు. ఎండకు నెర్రెలిచ్చి ధూళియై లేచును. నాపరాళ్ళ లారీ ముందు పోయినచో కొంతసేపు దారియే కనబడదు.

ఇటువంటి పల్లెలలో సంఘములను దర్శించువారికి మోటారు సైకిలే కాళ్ళు. ఆదివారము మేము మూడు గ్రామములలో ఆరాధన జరుపవలెను. బండి ఆగినచో ఒక గ్రామము ఎదురుచూచుచునే యుండును. చిన్న పనికైనను టౌనుకు పోయిన దినమంతయు గడచిపోవును. అందుచేత గత వేసవిలో, మెకానిక్కు షాపులో పని నేర్చిన ఒక యువకుని ప్రక్కన నిలుపుకొని, మందిరపు ఆవరణలోనే మొదటిసారి మా చేతులతో ఇంజన్ ఆయిల్ మార్చితిమి.

నూనె ఎందుకు మార్చవలెనో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఎద్దుల బండి ఇరుసుకు ఆముదముతో చేసిన కందెన పెట్టనిదే వారు ప్రయాణము కట్టెడివారు కారు. కాస్ట్రాల్ అను నూనె పేరు కూడ 1909లో ఇంగ్లాండులో ఆముదము యొక్క ఆంగ్ల నామము నుండియే పుట్టినది. నాలుగు స్ట్రోకుల బండిలో పిస్టను, గేర్లు, క్లచ్చి అన్నియు సాధారణముగా ఒకే నూనెలో తిరుగును. మసి, లోహపు రజను, ఫిల్టరును దాటి వచ్చిన ధూళి అందులో చేరును. కనుక మన దారులలో ఎయిర్ ఫిల్టరు శుభ్రతయు ముఖ్యమే.

పని ఇట్లు జరిగినది. ఇంజను 5 నిమిషములు నడిపి ఆపితిమి. వెచ్చని నూనె తేలికగా దిగును. బండిని సమమైన చోట మెయిన్ స్టాండు వేసి, అడుగున పాత బేసిను పెట్టి, 17 నంబరు పానాతో డ్రెయిన్ బోల్టు విప్పితిమి. కాటుక వంటి నూనె దిగినది. చుక్క ఆగిన తరువాత బోల్టు తుడిచి, క్రొత్త వాషరు వేసి, మొదట చేతితో, తరువాత పానాతో బిగించితిమి. అతిగా బిగించినచో మరలు చెడును. మా 100 సీసీ బండికి 900 మిల్లీలీటర్లు పట్టినది. మీ బండికి ఎంత, ఏ గ్రేడు అనునది బండితో ఇచ్చిన పుస్తకములో చూడుడి. రెండు నిమిషములు నడిపి, ఆపి, కొంచెము తాళి, గేజీ మీది రెండు గీతల మధ్య నూనె నిలిచినదని చూచుకొంటిమి.

డిస్కు బ్రేకు ద్రవము సంగతి వేరు. అది తేమను పీల్చును గనుక సుమారు 2 సంవత్సరములకొకసారి మార్చవలెను. అయితే గొట్టములో గాలి మిగిలినచో బ్రేకు సరిగా పట్టదు. ఆ పని తెలిసినవారికే అప్పగించుట క్షేమము.

బేసిను నిండిన తరువాత, "ఇది యాడ పోద్దాం అయ్యగారూ?" అని యువకుడు అడిగెను. మేము చెప్పకముందే నీళ్ళకు వచ్చిన ఒక తల్లి, "కంప దగ్గర మాత్రం పొయ్యాకండి నాయనా, మన బోరు ఆడనే ఉండాది" అనెను.

ఆ తల్లి మాట ఎంతో నిజము. ఒక లీటరు పాత నూనె 10 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. నంద్యాల వైపు కాలువలో పోసినది కుందూలో కలిసి, కడప జిల్లాలో పెన్నను చేరగలదు. దానిని పశువుల గజ్జికి పూయుటయు మంచిది కాదు. పాత నూనెను శుద్ధిచేసి మరల వాడవచ్చును. అనుమతి పొందినవారే ఆ పని చేయవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. మేము దానిని ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించి, పాత నూనె సేకరించువారికి ఇచ్చు టౌను షాపులో అప్పగించితిమి.

ప్రియ పాఠకులారా, ఈ పని మీ బిడ్డలకును నేర్పుడి. అరగంటలో అయిపోవును. బండి ఆగకుండుట ఎంత అవసరమో, బోరు చెడకుండుట అంతకంటె అవసరము. కనుక పానా పట్టకముందే పాత నూనెకు డబ్బా సిద్ధము చేసికొనుడి.