మెజెస్టిక్ నుంచి చిత్రావతి దాకా

అమ్మ కంటి పరీక్షకని శుక్రవారం బెంగళూరు పోయినాం. సాయంత్రానికి తిరుగు బస్సెక్కాలని లెక్క. అయితే రిపోర్టు సోమవారం వస్తుందన్నారు. అమ్మను అక్క ఇంట్లో దించితే నా చేతిలో రెండు రోజులు మిగిలినాయి. పుట్టపర్తి మనిషికి బెంగళూరు కొత్త ఊరేం కాదు. కూలికి, చదువుకు, ఆస్పత్రికి అక్కడికే పోతాం. పని చూసుకొని వచ్చేయడమే గాని, ఊరకే తిరిగింది మాత్రం ఎన్నడూ లేదు.

శనివారం పొద్దున మెజెస్టిక్‌లో మొదలుపెట్టినాను. మన బస్సులు ఆగే ఆ చోటు ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు. పేటకంతా నీళ్లిచ్చిన చెరువు. ఇప్పుడక్కడ ప్లాట్‌ఫారాలు. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి చూసినాను. వృషభావతి నది పుట్టింది ఆ నంది పాదాల దగ్గరేనని అక్కడోళ్ల నమ్మకం. మైసూరు రోడ్డు పక్కన ఆ నదిని మళ్లీ పట్టుకున్నాను. నల్లగా, నురగతో, ముక్కు మూసుకుంటే తప్ప నిలబడలేనంత కంపుతో పారుతోంది.

బెంగళూరులో ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మా అనంతపురం సీమలో 550 దాటితే మంచి ఏడాది. అంత వాన పడే ఊరు తన చెరువులు పూడ్చుకొని, 1974 నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న కావేరిని అర కిలోమీటరు ఎత్తుకు తోడుకొని తాగుతోంది. ఆ లెక్క తెలిసినాక ఇంక నగరం చూడబుద్ధి కాలేదు. మా ఏరు చిత్రావతి ఎక్కడ పుట్టిందో చూడాలనిపించింది.

ఆదివారం నందికొండకు బస్సెక్కినాను. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, అన్నీ ఆ కొండల చుట్టుపక్కల పుట్టినవే. నదులకు పుట్టినిల్లయిన ఆ చిక్కబళ్లాపురం జిల్లాలో చెరువులు ఎండిపోయి, బోర్లు వెయ్యి అడుగులు దిగినాయి. అందుకని హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి అక్కడి చెరువుల్లోకి పంపుతున్నారు. ఆ శుద్ధి రెండు దశలతోనే ఆగిపోతోంది. మంచి నీళ్లు తను ఉంచుకొని, వాడిన నీళ్లు ఎండిన పల్లెలకు పంపుతోంది నగరం. నీళ్లు లేని రైతు వద్దనలేడు. వద్దనలేని వాడికి ఏమిచ్చినా చెల్లుతుందనుకోవడం అన్యాయం.

అక్కడి నుంచి బాగేపల్లి దాకా కిటికీ పక్కన రాళ్ల గుట్టలు తప్ప ఏమీ గుర్తు లేదు. బాగేపల్లి వంతెన దగ్గర దిగి టీ తాగుతూ, పక్కన కూర్చున్న పెద్దాయనను అడిగినాను.

"ఏం తాతా, ఏట్లో నీళ్లే లేవే?"

"పైన పరగోడు కట్ట ఉంది కద నాయనా. అది నిండి దొర్లితేనే ఏరు."

కర్ణాటకలో అచ్చమైన మన తెలుగు. ఆ పరగోడు ఆనకట్ట మీద 2003 ప్రాంతంలో రెండు రాష్ట్రాలు గట్టిగా తగువుపడినాయి. తాగునీటికని వాళ్లు, కింద చెరువులు ఎండుతాయని మనవాళ్లు. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలోని 15 నదుల్లో చిత్రావతి ఒకటి. పైన కొత్త ఆనకట్ట కట్టాలంటే కిందివాళ్ల సమ్మతి ఉండాలని దాని సారం. బాగేపల్లిలో ఎండిన గొంతులు చూసినాక నాకు వాళ్ల మీద కోపం రాలేదు. అడగకుండా కట్టిన తీరు మీద మాత్రం ఉంది.

సాయంత్రానికి మా ఊరి ఏటి గట్టున ఉన్నాను. చిన్నప్పుడు ఇదంతా మోకాలి లోతు ఇసక. ఎండాకాలం చెలమ తవ్వి, అమ్మ కొబ్బరిచిప్పతో బిందెకు ఎత్తేది. ఆ నీళ్ల తీపి ఇంకా నాలుక మీద ఉంది. సత్యసాయిబాబా తొలినాళ్ల భక్తులు సాయంత్రాలు ఆయన చుట్టూ కూర్చుంది ఈ ఇసకలోనే. గుట్ట మీద కల్పవృక్షమని పిలిచే చింతచెట్టు నేటికీ ఉంది, ఇసకే పోయింది. ఇసకలోనే ఏరు నీళ్లు దాచుకుంటుంది. దాన్ని ట్రాక్టర్లకెత్తి అమ్ముకున్నాక చెలమ ఎక్కడ ఊరుతుంది?

1995లో సత్యసాయి నీటి పథకం మొదలై అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లు చేరినాయి. ఆడవాళ్ల నెత్తి మీది బరువు దించిన పని అది, దానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే కింద పార్నపల్లెలో చిత్రావతి పేరున్న జలాశయానికి ఎక్కువగా వచ్చేది తుంగభద్ర నీళ్లు, కృష్ణ నీళ్లు. బుక్కరాయల పేరు మోసే బుక్కపట్నం చెరువుకూ ఇప్పుడు హంద్రీ–నీవా కాలవే దిక్కు. 2021 నవంబరులో మాత్రం ఏరు తన సొంత నీళ్లతో పొంగింది. వరదలో చిక్కుకున్న 10 మందిని వాయుసేన హెలికాప్టరు బయటికి తీసింది.

సోమవారం మళ్లీ బెంగళూరు పోయి రిపోర్టు తీసుకొని అమ్మను వెంటబెట్టుకొచ్చినాను. గండికోట దగ్గర చిత్రావతి పెన్నలో కలిసే చోటు ఇంకా చూడలేదు.

బెంగళూరు తమ చెరువుల్లోకి వదిలే నీళ్లకు మూడో దశ శుద్ధి చేయాలని కోలారు, చిక్కబళ్లాపురం రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. చిక్కబళ్లాపురం చెరువులు నిండి దొర్లిననాడు చిత్రావతిలో కిందికొచ్చే నీళ్లు మనవి. బెంగళూరులో బతికే పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం పిల్లలారా, ఆ రైతులతో కలిసి మీరూ అడగండి.