పూసిన సంగతి, పూయని సంగతి

ఏప్రిల్ వచ్చేసరికి వికారాబాదులో, తాండూరులో ఇంటి ముందు నాలుగు మొక్కలు పెంచుకునే వాళ్ల మధ్య ఒక కబురు నడుస్తుంది. మీ మల్లె మొగ్గ తొడిగిందా అని ఒకరు అడుగుతారు. మా కాగితపు పూలు గోడ కనిపించకుండా విరగబూశాయని ఇంకొకరు చెబుతారు. పొద్దున్నే నీళ్లు పోస్తూ ప్రహరీ మీదుగా చెప్పుకునే మాట అది. ఇప్పుడు ఫోన్లో బొమ్మగానూ చేరుతోంది. ఎండకు కాసేపు ఊరట, అంతే కదా అనుకుంటారు చాలామంది. ఆ కబురుకు అంతకంటే ఎక్కువ విలువ ఉందని నా నమ్మకం. ఈ నేలకూ ఈ నీళ్లకూ ఏ మొక్క తగునో తెలిపే విజ్ఞానం అందులో ఉంది. అయితే మనం సగమే చెప్పుకుంటున్నాం. పూసింది అని చెబుతాం. ఏ మట్టిలో, ఏ నీళ్లతో, ఏ తేదీన అన్నది చెప్పం. పూయనిదాని ఊసే ఎత్తం. ఆ మిగిలిన సగం కూడా చెప్పుకుంటేనే ఒకరి పెరటి అనుభవం ఇంకొకరి పెరటికి పనికొస్తుంది.

ఎందుకో తెలియడానికి ఈ రెండు ఊళ్లనే చూడొచ్చు. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడక ముందు రెండూ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి, ఇప్పుడూ ఒకే జిల్లాలో ఉన్నాయి, వాడి జంక్షన్‌కు వెళ్లే రైలు రెండింటినీ కలుపుతుంది. నేల మాత్రం ఒక్కటి కాదు. వికారాబాద్ అనంతగిరి కొండల పక్కన, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. చుట్టూ ఎర్రమట్టి, మొరం. నీళ్లు పోస్తే నిలవకుండా కిందికి దిగిపోతాయి. అక్కడి గాలి మంచిదనే నిజాం కాలంలో అనంతగిరి మీద క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. మూసీ ఆ కొండల్లో పుట్టి తూర్పున హైదరాబాదు దారి పడుతుంది. తాండూరు పడమటి వైపు, బాగా దిగువన, కాగ్నా ఒడ్డున ఉంది. కాగ్నా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. తాండూరులో తవ్వితే సున్నపురాయి. మన ఇళ్లలో పరుచుకున్న నాపబండలు, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ రాయి పుణ్యమే. పైన నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందికి ఆ రుచి ఇచ్చింది ఆ నేలే. కందికి అచ్చొచ్చిన మట్టి ప్రతి పూలమొక్కకూ అచ్చిరావాలని లేదు.

నూరువరహాలు మొక్కను తీసుకోండి. దానికి ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. వికారాబాద్ ఎర్రమట్టిలో, కాస్త పశువుల ఎరువు వేస్తే, ఎండాకాలమంతా గుత్తులు గుత్తులుగా పూస్తుంది. అదే మొక్కను తాండూరులో సున్నపు మట్టిలో నాటితే కొత్త చిగుళ్లు పసుపెక్కి వస్తాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. మట్టిలో ఇనుము లేక కాదు. సున్నం ఎక్కువైనచోట ఇనుము కరగని రూపంలోకి మారి వేళ్లకు అందకుండా పోతుంది. గంధరాజానికీ ఇదే తిప్పలు, మల్లెకూ కొంతవరకు ఇదే. పెంచేవాళ్లు నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తారు, ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తారు. ఆ నీళ్లు సున్నపురాతి పొరల్లోంచి వచ్చిన బోరు నీళ్లే కాబట్టి పోసినకొద్దీ పసుపు పెరుగుతుంది. కుండీ అంచుకు తెల్లటి పొర కడుతుంది. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద చల్లితే మొక్క తేరుకుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు తాండూరులో ఉంటారు. అయితే వాళ్లకది తెలిసింది మొక్క పూయకపోవడం వల్ల. పూయని మొక్క గురించి ఎవరూ కబురు చేయరు గనుక పక్కవీధి వాళ్లు మళ్లీ అదే మొక్క కొంటారు, మళ్లీ యూరియా వేస్తారు. నర్సరీ వాళ్లను తప్పుపట్టలేం. అక్కడ అమ్మే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి, గోదావరి ఒండ్రుమట్టిలో, తేమగాలిలో పెరిగి వచ్చినవి. లారీ ఎక్కిన మొక్క ఎవరి పెరట్లో దిగుతుందో పెంచిన రైతుకు తెలియదు. తెలిసేది పెరటివాళ్లకే.

తేదీ సంగతీ అంతే. మల్లెకు ఏప్రిల్లో పూలు రావడమనేది ఏప్రిల్లో జరిగే పని కాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకు దూసేసి, మొదలు తవ్వి ఎండనిచ్చి, ఆ తరవాత ఎరువు వేసి నీళ్లు పెడితే ఎండాకాలానికి కొత్త కొమ్మ వస్తుంది. మల్లె మొగ్గ తొడిగేది ఆ కొత్త కొమ్మ మీదే. ఇలా చేసిన చెట్టు మూరలకు మూరలు ఇస్తుంది. చేయని చెట్టు గుబురుగా పెరిగి, అక్కడొకటి ఇక్కడొకటి పూసి ఊరుకుంటుంది. ఏప్రిల్లో పళ్లెం నిండా మొగ్గలు చూపించినవాళ్లు డిసెంబరులో తాము చెట్టును బోడిగా చేసిన సంగతి కూడా చెబితే, చూసినవాళ్లకు వచ్చే ఏడాదికి దారి దొరుకుతుంది. చెప్పకపోతే వాళ్లు తమ చెట్టును నిందిస్తారు, లేదా తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. మంచి చెయ్యి అనేది చాలాసార్లు, సరైన నెలలో కత్తెర పట్టిన చెయ్యి.

పూలను చూసి సంతోషించక ఈ లెక్కలేమిటని ఎవరైనా అడగొచ్చు. సంతోషానికి లెక్క అడ్డమని నేననుకోను. మన పండుగలే అందుకు సాక్ష్యం. ఉగాది పచ్చడిలో వేపపూత పడాలంటే ఆ రోజులకు వేప పూయాలి. హోలీ రంగుకు మోదుగ, బతుకమ్మకు తంగేడు, గునుగు. ఏ పువ్వు ఏ నెలలో వస్తుందో తరతరాలుగా గమనించి ఒకరికొకరు చెప్పుకున్నవాళ్లు ఉండబట్టే పండుగకూ పువ్వుకూ అంత చక్కగా జత కుదిరింది. వాళ్లు పువ్వును ప్రేమించారు, దాని వేళనూ గుర్తుపెట్టుకున్నారు.

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఒక పెరట్లో చూసింది ఒక పెరటికే చెల్లుతుంది కదా, గోడ నీడ పడితే ఒక ఫలితం, పడకపోతే ఒకటి, దాన్నిపట్టి ఊరికి నియమం చెప్పగలమా? ఒక్క పెరటిని పట్టి చెప్పలేం, నిజమే. అనేక పెరళ్లను, అనేక ఏళ్లను పక్కపక్కన పెడితే చెప్పగలం. జపానులోని క్యోటోలో చెర్రీ చెట్లు నిండుగా పూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి ప్రభువుల, సన్యాసుల దినచర్య పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్లు రాసుకున్నది వేడుక కోసం. ఆ రాతల వల్లే 2021 మార్చి 26న వచ్చిన నిండుపూత అప్పటికి పన్నెండు వందల ఏళ్లలో అన్నిటికంటే ముందు వచ్చినదని తేల్చగలిగారు. ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తన తోటలో మొదటి పువ్వు, మొదటి చిగురు ఎప్పుడొచ్చాయో రాయడం మొదలుపెట్టాడు. ఆ కుటుంబం 1958 దాకా రాసింది. మన దేశంలో సీజన్‌వాచ్ పేరుతో బడిపిల్లలు, మామూలు మనుషులు తమకు దగ్గర్లోని ఒక చెట్టును వారం వారం చూసి చిగురు, మొగ్గ, పువ్వు, కాయ నమోదు చేస్తున్నారు. రేల చెట్టు కూడా వాళ్ల జాబితాలో ఉంది. వీళ్లలో ఏ ఒక్కరి చూపూ పూర్తిగా నమ్మదగ్గది కాకపోవచ్చు. కలిపి చూస్తే ఒకరి పొరపాటును పదిమంది లెక్క సరిదిద్దుతుంది. అందుకు తేదీ ఉండాలి, చోటు ఉండాలి. ఉత్త బొమ్మకు ఆ రెండూ ఉండవు.

పేర్ల గందరగోళం ఉందనేవాళ్లకు మాత్రం కొంత ఒప్పుకోవాలి. తాండూరు సరిహద్దు ఊరు. అదే పువ్వును ఒకరు మల్లె అంటే ఒకరు మల్లిగె, ఇంకొకరు మోగ్రా అంటారు. గన్నేరు అంటే ఎర్రగన్నేరా, పచ్చగన్నేరా, దేవగన్నేరా, బిళ్లగన్నేరా అని అడగాల్సి వస్తుంది. కానీ ఈ నాలుగింటినీ వృక్షశాస్త్రం కూడా ఒకే కుటుంబంలో పెట్టిందని గమనిస్తే, మనవాళ్లు పేరు పెట్టేటప్పుడు ఎంత నిశితంగా చూశారో అర్థమవుతుంది. మందు కొట్టుకూ ఆసుపత్రికీ పనికొచ్చే బిళ్లగన్నేరును ఎవరూ గొప్పగా చూపించరు. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌కు చికిత్స చేస్తున్నారు. గచ్చు పగులులో మొలిచి, ఎవరూ నీళ్లు పోయకపోయినా మే ఎండలో పూసి నిలబడేది అదే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి అన్నిటికంటే బరువైన ప్రశ్న దగ్గరికి వస్తాను. బోర్లు అడుగంటే నెలల్లో పూలకు నీళ్లు పోయడం న్యాయమా? ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడా పూర్తి కబురులోనే దొరుకుతుంది. ఎన్ని చెంబులు పోశామో కూడా చెప్పుకుంటే, చలికాలపు పిటూనియాను ఏప్రిల్ చివరిదాకా లాక్కురావడానికి ఎంత నీరు పోతుందో బయటపడుతుంది. కాగితపు పూల లెక్క అందుకు తలకిందులు. దానికి నీళ్లు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది. కాస్త ఎండగడితే రంగు వస్తుంది. మనం పువ్వనుకునే ఆ రంగు రేకులు ఆకులే, మధ్యలోని తెల్లటి సన్నని గొట్టం అసలు పువ్వు. ఎర్రగన్నేరు, ఎడారి గులాబి, నాచుపూలు కూడా తక్కువ నీళ్లతో గట్టెక్కేవే. ఇంట్లో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు వీటికి సరిపోతాయి. ఫిల్టరు యంత్రం వదిలేసే నీళ్లను మాత్రం తాండూరు వాళ్లు కుండీలకు పోయకపోవడం మంచిది. అసలే ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లలోని ఉప్పంతా అందులోకే చేరుతుంది.

తాండూరు పెరటికి ఇంకో రెండు కష్టాలున్నాయి. వాకిలంతా నాపబండలు పరిచిన ఇంట్లో మధ్యాహ్నానికి రాయి కాలుతుంది, ఆ వేడి కుండీ అడుగు నుంచి వేళ్లకు తగులుతుంది. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. ఇక రాళ్ల పాలిషింగ్ దుమ్ము. అది ఆకు మీద పరుచుకుంటే వెలుతురు అందదు, ఆకు సరిగా ఊపిరి తీసుకోలేదు. వారానికోసారి ఆకులు తుడిచే ఇంటికీ తుడవని ఇంటికీ పూతలో తేడా ఉంటుంది. ఇవి వికారాబాద్ వాళ్లు చెప్పలేని విషయాలు. తాండూరు వాళ్లు, ఎక్కువగా వాడిపోయిన మొక్కల వల్ల, నేర్చుకున్నవి. వాడిన మొక్కను చూపించడానికి మనుషులు సిగ్గుపడతారు, అది సహజం. కానీ ఎండకు ఓడిన మొక్కను గురించి చెప్పినవాళ్లు పక్కింటివాళ్ల డబ్బు, నీళ్లు, ఒక ఏడాది కాలం మిగులుస్తున్నారు.

పేరులోనే తేదీ ఉన్న పువ్వు ఒకటుంది. ఏడాదిలో చాలాకాలం మట్టికింద గడ్డగా పడుకుని, మేలో తొలకరికి ముందు పడే జల్లులకు ఒంటికాడ మీద ఎర్రబంతిలా లేచే మే పువ్వు. పుట్టిల్లు ఆఫ్రికా. ఇక్కడికొచ్చాక మన పెరటివాళ్లు ఎవరో గమనించి, ఎవరికో చెప్పి, చివరికి నెలనే పేరుగా పెట్టేశారు. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకునే గోడ క్యాలెండర్ గడిలోనే చోటుంది: మే పువ్వు విచ్చింది, మొన్న జల్లు, రేగడి మట్టి, బోరు నీళ్లు. కింద ఇంకో వరస: నూరువరహాలు ఈ ఏడూ పూయలేదు, అన్నభేది చల్లి చూడాలి.