లేదని ఒక కాగితం

మా ఇళ్లల్లో డ్రైవరీని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మాది సూర్యాపేట. రోడ్డు మీది ఊరు. ఇప్పుడు 65 అంటున్న ఆ నేషనల్ హైవే మా చిన్నప్పుడు 9వ నెంబరు. హైదరాబాదుకూ బెజవాడకూ మధ్య పోయే ప్రతి లారీ మా ఊళ్లో ఆగి ఓ చాయ్ తాగాల్సిందే. ఐదో తరగతి దగ్గరో ఏడో తరగతి దగ్గరో చదువాగిపోయిన పిల్లగాణ్ణి తండ్రి తీసుకొచ్చి ఏ లారీ ఉస్తాద్ చేతిలోనో పెట్టేవాడు. "హడ్డీ హమారీ, చమ్డా తుమారా" అనేవాడు. ఎముకలు మావి, తోలు నీది అని. అంతే, అదే అడ్మిషను.

ఉస్తాద్ అనే మాట చూడండి. లారీ మీద డ్రైవర్ యాదవుడైనా గౌడైనా రెడ్డైనా క్లీనర్‌కు ఉస్తాదే. మా భాషలోంచి మీ భాషలోకొచ్చిన మాటలు కచేరీలో ఉన్నాయి, జమాబందీలో ఉన్నాయి. ఇంత ప్రేమగా నోట్లో మిగిలింది మాత్రం ఇదొక్కటేనేమో అనిపిస్తుంది మాకు.

ఉస్తాద్ మొదటేడు స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. అద్దం తుడవాలి, చక్రం కింద రాయి పెట్టాలి, రాత్రిపూట టైరును రాడ్డుతో కొట్టి చప్పుడు వినాలి. గాలి నిండుగా ఉంటే ఒక మోత, తగ్గితే ఇంకో మోత. ఆగినచోటల్లా హబ్బు మీద అరచెయ్యి పెట్టి వేడి చూడాలి. ఘాట్‌రోడ్డు ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగాలి, బ్రేకును నమ్ముకోవద్దు. ఈ చదువుకు పుస్తకం లేదు, సర్టిఫికెట్ లేదు. మా మామలు, చిచ్చాలు, పక్కింటి భాయీలు అందరూ ఇట్లాగే డ్రైవర్లయ్యారు. మాలో డిగ్రీ దాకా వెళ్లినవాళ్లం తక్కువ. వెళ్లి ఉర్దూ పత్రికల్లో కొన్నాళ్లు, తెలుగు పత్రికల్లో కొన్నాళ్లు రాసుకుంటూ బతుకుతున్న మాలాంటివాళ్లం ఇంకా తక్కువ.

ఇదంతా ఎందుకంటే, మా అక్క కొడుకుకు ఆయిల్ ట్యాంకర్లు నడిపే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పని దొరికింది. చర్లపల్లి డిపోల దగ్గర వాళ్ల యార్డు. పెట్రోలు బండి మామూలు లారీ కాదు. హెవీ లైసెన్సు ఒక్కటి చాలదు. ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవర్‌కు కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో తొమ్మిదో రూలు ఉంది. దాని ప్రకారం మూడు రోజుల శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మావాడు అది తెచ్చుకున్నాడు. ఆ పైన కంపెనీ కొత్త డ్రైవర్లందర్నీ యార్డులో రెండు రోజులు కూర్చోబెట్టి తన పద్ధతులు చెబుతుంది. పద్దెనిమిది మంది కొత్తవాళ్లలో తొమ్మిది మంది మావాళ్లు. అందులో ఐదుగురికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. మావాడు "మామూ, మీరు రండి, మాకు చదివి చెప్పండి" అన్నాడు. కంపెనీవాళ్లూ సరే అన్నారు. వాళ్లకూ పని సులువైంది కదా.

పొద్దున్నే హాజరు పట్టీ. సూపర్‌వైజర్ పేర్లు చదువుతూ "మీవాళ్లంతా ఈ వరసలో కూర్చోండి, మీ సార్ చదివి చెబుతాడు" అన్నాడు. మా వరసలో పదిమంది అయ్యారు. పదో ఆయన పేరు సైదులు, నేరేడుచర్ల దిక్కు మనిషి, ముదిరాజు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. మా జిల్లాలో అట్లాంటి సైదులు ఇంటికొకడుంటాడు. ఆయన లేచి "నేను తురకోణ్ణి కాదు సార్" అని చెప్పలేదు. మా పక్కనే కూర్చుని నవ్వాడు. రెండు రోజులూ మాతోనే కూర్చున్నాడు.

మొదటి గంటలోనే భాష పంచాయితీ వచ్చింది. "తెలుగు చదవటం రానోడికి పెట్రోలు బండి ఎట్లా ఇస్తం?" అన్నాడు సూపర్‌వైజర్. మంచివాడే, కోపంతో అనలేదు. అదే తొమ్మిదో రూలు ఏమంటుందో మేం చెప్పాం. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఒక భారతీయ భాష, ఇంగ్లీషు చదవటం, రాయటం రావాలంటుంది. తెలుగే రావాలని లేదు. ఎనిమిదో షెడ్యూల్లో ఉర్దూ ఉంది. 2017లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది కూడా. ఆయన కాసేపు ఆలోచించి "అయితే మీ పిల్లలు ఇంగ్లీషు చదవాలె" అన్నాడు. న్యాయమే. చదివారు, కూడబలుక్కుని చదివారు. చదువు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. లారీ, ఆటో లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలని చాలాకాలం ఒక షరతు ఉండేది. 2019లో కేంద్రం అది ఎత్తేసింది. ఎత్తేయమని అడిగింది హర్యానా ప్రభుత్వం, మేవాత్ డ్రైవర్ల కోసం. మేవాత్ అంటే మా మియోల నేల. అక్కడా కడుపు నింపేది స్టీరింగే.

పాఠం మాత్రం బాగుంది, అబద్ధం చెప్పం. ట్యాంకర్ వెనకా పక్కనా ఉండే బోర్డును మేం రోడ్ల మీద వేలసార్లు చూశాం, చదవలేదు. 1203 అంటే పెట్రోలు. 1202 డీజిలు. పైన 3వైఇ అని ఉంటుంది. 3 అంటే మంటను నురగతో ఆర్పాలి, నీళ్లు కొట్టొద్దు. ఇ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కింద పాకుతూ పోయి దూరంలో ఉన్న బీడీని అందుకుంటుంది. అందుకే సరుకు దించేముందు ఎర్తింగు వైరు తగిలించాలి. సైలెన్సరుకు నిప్పురవ్వలు ఆపే జాలీ ఉండాలి. నైలాను చొక్కా వద్దు, నూలుదే వేసుకోవాలి. మేం ఇదంతా దక్కనీలో చెబుతుంటే మా ముసలి డ్రైవర్ ఒకాయన "హబ్బు మీద చెయ్యి పెట్టమని చెప్పలేదేం?" అన్నాడు. అది పాఠంలో లేదు. సూపర్‌వైజర్ రాసుకున్నాడు.

నవ్వుల మధ్య ఒకడు అననే అన్నాడు. వెనక వరసలోంచి, "పెట్రోలు ట్యాంకరు తీసుకుపోయి మీవాళ్ల చేతుల్లో పెడుతున్నరు, ఇగ చూస్కో!" అని. కొందరు నవ్వారు. మావాళ్లలోనూ ఇద్దరు నవ్వారు. నవ్వకపోతే ఇంకోలా అనుకుంటారని నవ్వే నవ్వు అది. మాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం యాక్సిడెంటు పాఠం. బండి గుద్దితే పారిపోవద్దు, పోలీసులకు, కంపెనీకి ఫోన్ చెయ్యండి అన్నారు. అక్కడ వరసలన్నీ కలిసిపోయాయి. కొత్త న్యాయసంహితలో 106(2) కింద చెప్పకుండా పారిపోతే పదేళ్ల జైలన్నందుకే కదా, 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగి, హైదరాబాదు బంకుల ముందు మైళ్ల పొడుగు క్యూలు కట్టింది. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకొచ్చినా ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టారు. "ఆగితే జనం సంపుతరు సార్, ఉరికితే సర్కారు సంపుతది" అన్నాడు సైదులు. అందరూ అవునన్నారు. అందరి భయం అదే. మావాళ్ల భయంలో ఇంకో పొర ఉంది. గుంపు ముందు పేరు అడుగుతుంది. 2015 అక్టోబర్‌లో ఉధంపూర్ దగ్గర ఒక కశ్మీరీ లారీ మీద పెట్రోలు బాంబు వేశారు. లారీలో ఉన్న కుర్రవాడు కాలిన గాయాలతో ఢిల్లీ ఆసుపత్రిలో చచ్చిపోయాడు. వాళ్లు ఎవర్నీ గుద్దలేదు. ఇది మేం సూపర్‌వైజర్‌కు చెప్పలేదు. మాలో మేం అనుకున్నాం.

రెండోరోజు శుక్రవారం. జుమ్మాకు వెళ్లొచ్చాం, ఎవరూ ఏమనలేదు. తిరిగొచ్చేసరికి బల్లల మీద ఫారాలున్నాయి. పేరు, తండ్రి పేరు, లైసెన్సు నెంబరు, రక్తం గ్రూపు. పదమూడో గడిలో "ఎప్పుడైనా పోలీసులు అరెస్టు చేశారా? చేస్తే వివరాలు" అని ఉంది.

మావాడి పక్కన కూర్చున్న ఆయన పాతబస్తీ మనిషి, నలభైకి దగ్గర. కలం ఆపేశాడు. మెల్లగా మా దిక్కు వంగి "యాఁ క్యా లిఖ్‌నా భాయ్?" అన్నాడు. ఇక్కడేం రాయాలి అని.

2007 మే 18న మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలినప్పుడు ఆయన మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నాడు. నెలలు గడిచాక ఒకరాత్రి మఫ్టీలో వచ్చి తీసుకెళ్లారు. మూడు రోజులు ఎక్కడుంచారో ఇప్పటికీ తెలియదు. నాలుగోరోజు రోడ్డు మీద దింపి పొమ్మన్నారు. ఎఫ్‌ఐఆర్ లేదు, కోర్టు లేదు, సంతకం లేదు. మేం అప్పట్లో అట్లాంటి ఇళ్ల గడపలు తొక్కి రాసినవాళ్లమే. కేసులు పెట్టినవాళ్లను కోర్టులు విడిచిపెట్టాయి. 2012లో ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ 70 మందిలోనూ ఈయన లేడు. బాంబు కేసులో విచారణకు నిలబెట్టిన ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులంది.

ఇప్పుడు చెప్పండి, దీన్ని అరెస్టు అనాలా? చట్టం దృష్టిలో కాదు. ఆయన దృష్టిలో, ఆయన అమ్మీ దృష్టిలో అంతకన్నా పెద్దది. దక్కనీలో మేం "పకడ్‌కే లే గయే" అంటాం. పట్టుకెళ్లారు అని. ఆ మాటకు ఫారంలో గడి లేదు. లేదు అని రాస్తే రేపు ఎవరో తవ్వి అబద్ధమాడాడంటారు. అవును అని రాస్తే వివరాలు కావాలి. వివరాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఆయన దగ్గర ఏమీ లేవు. మావాడైతే "నై బోల్‌కే లిఖ్ దో చిచ్చా" అన్నాడు, లేదని రాసేయమని. వాడి వయసుకు అది తేలిక. ఆయన చాలాసేపు కూర్చుని, మాచేత తెలుగులో ఇలా రాయించుకున్నాడు: "2007లో విచారణ కోసం మూడు రోజులు తీసుకెళ్లారు. అరెస్టు చూపలేదు. నా మీద ఏ కేసూ లేదు."

సూపర్‌వైజర్ రెండుసార్లు చదివాడు. "ఎందుకు రాసిన్రు ఇదంతా?" అని మమ్మల్నే అడిగాడు. ఆయనే జవాబిచ్చాడు, వచ్చీరాని తెలుగులో, "అయిన ముచ్చట సార్." సూపర్‌వైజర్ ఆఫీసు లోపలికెళ్లి మాట్లాడొచ్చి కేసు లేదని పోలీసుల కాగితం తెమ్మన్నాడు. మిగతా పదిహేడు మందికి బండి నెంబర్లు ఇచ్చారు. సైదులు నెంబరు తీసుకున్నాక వెంటనే పోలేదు. గేటు దగ్గర ఆయనతోపాటు ఓ చాయ్ తాగి పోయాడు.

ఆ కాగితం మూడు వారాలకు వచ్చింది. నమోదైన కేసులు లేవని ఒక్క వాక్యం. అప్పటికి బండ్లు నిండిపోయాయి. తర్వాతి బ్యాచిలో మళ్లీ రెండు రోజులు కూర్చోవాలన్నారు. కూర్చున్నాడు. ఈసారి మేం వెళ్లలేదు. 3 అంటే ఏమిటని అడిగితే నురగ అని అందరికన్నా ముందు ఆయనే చెప్పాడట. సూపర్‌వైజర్ ఇప్పుడు పాఠంలో హబ్బు వేడి సంగతి కూడా చెబుతున్నాడని మావాడు ఫోన్లో అన్నాడు.